రంగు చూపించని కత్తి

మూడు కత్తుల్లో రెండు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. మూడోదాని సంగతే ఇక్కడ రాయాలి. రాయడానికి మొహం చెల్లక ఏడాది పైనే వాయిదా వేశాను. నా తప్పు నేను చెప్పుకోవడానికి ఇంత నాన్పుడెందుకని నన్ను నేనే తిట్టుకుని, ఇవాళ ఆఫీసుకి సెలవు పెట్టి మరీ కూర్చున్నాను.

నేను రాజమండ్రిలో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాని. యాభై దాటాక చెక్కపని మీద మోజు పుట్టింది. ఎవరికి ఏ వయసులో ఏ పిచ్చి పడుతుందో ఎవరు చెప్పగలరు? ఫోనులో వీడియోలు చూసి, ఆన్‌లైనులో ఆరు కత్తుల సెట్టు ఒకటి తెప్పించాను. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి గానీ ఒక్కటీ నా చేతికి ఒదగలేదు. నాది ఎడమచేతి వాటం. ఆ కత్తులకి పదును ఒకవైపే వాలుగా తీసి ఉంది, అదీ కుడిచేతి వాళ్ళ కోసం. నేను పట్టుకుని తోస్తే చెక్కలోకి దిగకుండా పైకి జారిపోయేది, లేదంటే అడ్డంగా దిగబడి పెచ్చు లేచిపోయేది. పిడులు చూస్తే మగవాళ్ళ గుప్పిటకి తగ్గ బండ పిడులు. అరగంట చెక్కేసరికి అరచేయంతా బొబ్బలు. చిన్నప్పుడు ఎడంచేత్తో రాస్తున్నానని మాస్టారు వేళ్ళ మీద కొట్టేవారు, ఇప్పుడు ఈ కత్తులు తయారయ్యాయా అని ఒళ్ళు మండి సెట్టు మొత్తం అటక మీద పడేశాను.

మా వీధి చివర ఒక వడ్రంగి బాబాయిగారున్నారు. ద్వారబంధాల మీద లతలూ హంసలూ చెక్కడంలో పేరుపడ్డ మనిషి. చేతులు వణకడం మొదలయ్యాక పని మానేశారు, మాట్లాడ్డం మాత్రం మానలేదు. నా బొబ్బలు చూసి పడీపడీ నవ్వారు.

"కత్తి కొనుక్కునేది కాదమ్మాయ్, కొలతలిచ్చి చేయించుకునేది. నీ జాకెట్టు నువ్వు కుట్టించుకుంటావా, పక్కింటావిడది తొడుక్కుంటావా?" అన్నారు.

ఆ రోజే నా ఎడంచేతిలో తడి మట్టిముద్ద పెట్టి గట్టిగా నొక్కమన్నారు. నా వేళ్ళు ఎక్కడ బిగుస్తాయో, బొటనవేలు ఎక్కడ ఆనుతుందో ఆ ముద్దలో అచ్చుపడింది. అది ఎండాక ఎదురుగా పెట్టుకుని, జామకర్రతో నా చేతే మూడు పిడులు చెక్కించారు. ఉక్కు కోసం పాత సామాన్ల కొట్టుకి తీసుకెళ్ళి, అరిగిపోయిన ఆకురాళ్ళ కుప్పలో కూర్చోబెట్టారు. ఇనుము అరగదీసే ఆ ఆకురాళ్ళని ఒక్కోటీ సిమెంటు గచ్చు మీద పడేసి చప్పుడు వినేవారు. ఖంగుమన్నది ఉంచారు, మిగతావి వద్దన్నారు. కొట్టువాడు విసుక్కున్నా లెక్కచెయ్యలేదు. మూడు ఆకురాళ్ళు ఏరడానికి మాకు పూటంతా పట్టింది.

మూడు కత్తులు ఎందుకంటే, మూడింటికీ మూడు పనులు. ఒకటి తిన్ననిది, పైచెక్కు తీయడానికి. రెండోది కాస్త వంపుది, లోపలికి గుంట తవ్వడానికి. మూడోది సన్నమొనది. కళ్ళూ, ఈకలూ, ఆకుల ఈనెలూ తీర్చడానికి అది కావాలి. మూడింటికీ పదును నా ఎడమచేతికి తగ్గట్టు వాలు మార్చి తీయాలి. ధవళేశ్వరం వెళ్ళే దారిలో కాలవ పక్కన కొలిమి పెట్టుకున్న కమ్మరాయన ఈ వాలు మాట విని రెండుసార్లు అడిగాడు, "అటేనాండీ? ఖాయంగా అటేనా?" అని.

మొదటి రెండు కత్తులూ ఒక వారంలో చేశాడు. చేత్తో పట్టుకుంటే నా చెయ్యే కాస్త పొడుగు సాగినట్టుంది. మర్నాటి నుంచి బొబ్బల్లేవు, జారడాల్లేవు. నాకు పట్టపగ్గాల్లేవు. మూడోది ఎప్పుడొస్తుందా అని రోజూ ఆఫీసు నుంచి తిన్నగా కొలిమి దగ్గరికే వెళ్ళేదాన్ని. ఒక శుక్రవారం సాయంత్రం నా ఎదుటే దాన్ని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాడు. చల్లారాక సానపట్టి ఇచ్చాడు. ముంజేతి మీద పెట్టి లాగితే నూగు మొత్తం నున్నగా వచ్చేసింది.

"ఇప్పుడే పట్టుకెళ్ళకండి. నీళ్ళలో ముంచిన కత్తి గాజుతో సమానమండి. మళ్ళీ సన్నసెగ మీద రంగు చూపించాలి. ఎండుగడ్డి రంగు తిరిగితే అప్పుడు మొన నిలబడుద్ది. ఇయ్యాళ బొగ్గులైపోయాయి, రేపు రండి," అన్నాడు.

"ఇంత పదునొచ్చాక మళ్ళీ మెత్తబెట్టడం ఏంటయ్యా?"

"మెత్తబెట్టకపోతే విరుగుద్దండి."

"నేనేమన్నా గోడలకి కన్నాలు పెడతానా దీంతో? చెక్క మీద గీతలు గీసుకుంటాను. ఇచ్చెయ్యి."

"మీ ఇష్టమండి," అని ఇచ్చేశాడు. నా మొండితనం ముందు నిలబడలేక మా ఆఫీసరే సంతకాలు పెట్టేస్తాడు, పాపం అతనెంత?

ఇంటికొస్తుంటే బాబాయిగారు అరుగు మీంచి పిలిచారు. కత్తి తీసుకుని తిప్పి చూసి, "రంగు చూపించాడా?" అని అడిగారు.

"ఆఁ, చూపించాడు బాబాయిగారూ," అన్నాను. లేదంటే అప్పటికప్పుడు వెనక్కి పంపేస్తారు. ఆయన ఇంకో ప్రశ్న వెయ్యలేదు. అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను రెండు లెంపకాయలు కొట్టుకోవాలనిపిస్తుంది.

ఇప్పుడు వదినగారి సంగతి చెప్పాలి. వదినగారంటే చుట్టం కాదు, ఒకరినొకరం అలా పిలుచుకుంటాం. మా పక్క వాటాలో చాలా ఏళ్ళున్నారు. మిఠాయిలు చేసి ఆర్డర్ల మీద ఇచ్చేవారు. కూతురికి పెళ్ళయ్యాక కోరుకొండ అవతల ఒక ఊళ్ళో కూతురి దగ్గరే ఉంటున్నారు. ఆ అమ్మాయి నన్ను అత్తా అని పిలుస్తూ నా ఒళ్ళోనే పెరిగింది. దానికో కొడుకు. వాడికి మూడో ఏడు నిండబోతున్నా మాట రాలేదు. చెవులు బాగానే ఉన్నాయన్నారు డాక్టర్లు. పిలిస్తే చూస్తాడు, నవ్వుతాడు, ఏడుస్తాడు, నోట్లోంచి ఒక్క మాట రాదు. ఫంక్షన్లకి వెళ్తే చాలు, ఎవరో ఒకరు "ఇంకా మాటల్లేవా అమ్మా?" అని అడగడం, ఆ పిల్ల మొహం పక్కకి తిప్పుకోవడం. చివరికి అది ఎవరింటికీ వెళ్ళడం మానేసింది. వదినగారు మోకాళ్ళ నొప్పులతోనే కోరుకొండ మెట్లన్నీ ఎక్కి స్వామికి మొక్కుకున్నారు.

ఒక రోజు పొద్దున్నే ఫోను చేసి భోరున ఏడుస్తున్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏమైంది వదినా? చెప్పండీ!"

"వాడు మాట్లాడాడు వదినా! గోడ మీద వాలిన కాకిని చూపించి, కాకీ అన్నాడు!"

"అమ్మా అనలేదా?"

"అమ్మా లేదు, తాతా లేదు. కాకి! తొమ్మిది నెలలు మోసింది కాకి కాబోలు!" అని ఏడుస్తూనే నవ్వారు. నేనూ నవ్వాను, నాకూ కళ్ళు తడిశాయి. వారం తిరిగేసరికి పాలు, పిల్లి, అమ్మ కూడా వచ్చాయిట.

మా వైపు పిల్లలు పాకితే పాకుండలు, అడుగులేస్తే అరిసెలు, మాటలొస్తే పంచదార చిలకలు చేసి వీధిలో పిల్లలకి పంచుతారు. మూడేళ్ళు ఎదురుచూసిన మాటలాయె, వదినగారు ఊరంతా పంచుతానన్నారు. వాళ్ళత్తగారి నాటి చిలకల అచ్చు పగిలిపోయి పాకం కారిపోతోందిట. "కత్తులు చేయించుకున్నానని మురిసిపోతున్నారుగా, నా మనవడికి ఓ చిలకని చెక్కివ్వండి," అన్నారు. ఎగిరి గంతేశాను.

చిలకల అచ్చంటే రెండు చెక్కలు. ఒక్కోదాంట్లో చిలకలో సగం లోపలికి తవ్వి ఉంటుంది. రెండూ కలిపి తాడుతో బిగించి, అడుగున కన్నంలోంచి ముదురుపాకం పోస్తారు. ఆరాక విప్పితే చిలక బయటికొస్తుంది. చెక్కలో ఎక్కడ గుంట పడితే చిలక మీద అక్కడ ఉబ్బు వస్తుంది. కన్ను పూసలా పైకి కనబడాలంటే చెక్కలో అక్కడ మిరియపు గింజంత గుంట తిరగాలి. పాత టేకుముక్క తీసుకుని ఆఫీసు నుంచి రాగానే కూర్చునేదాన్ని. రెక్కలూ తోకా కుదిరాయి. ఈకలు సన్నమొన కత్తితో గీస్తే వెంట్రుకల్లా వచ్చాయి. బుధవారం సాయంత్రానికి కళ్ళు మిగిలాయి. మర్నాడు పొద్దున్నే వదినగారి అల్లుడు వచ్చి అచ్చు పట్టుకెళ్తాడు.

మొదటి కన్ను బాగానే కుదిరింది. రెండోదానికి మొన ఆనించి గిర్రున తిప్పుతుంటే టక్‌మంది. చిన్న చప్పుడు. చెక్కలో ఈనె తెగిందనుకున్నాను. అప్పటికే చీకటి పడుతోంది, కరెంటు పోయింది. వేలు పెట్టి తడిమితే రెండో గుంట మొదటిదానికన్నా లోతుగా, గరుకుగా తగిలింది. బాబాయిగారు తలుపుల మీద ఇలాంటి పొరపాట్లు పడితే మైనం కరిగించి, రంపపుపొట్టు కలిపి పూడ్చేసేవారు. నేనూ అదే చేశాను. పూడ్చి, గోటితో సమం చేసి, రెండు కళ్ళూ సరిపోయాయని మురిసిపోయి, కత్తిని గుడ్డలో చుట్టి పక్కన పెట్టేశాను. మొన చూసుకోలేదు. తలుపు వేరు, పాకం పోసే అచ్చు వేరు అని ఆ నిమిషంలో నా బుర్రకి తట్టలేదు. గురువారం ఆ అబ్బాయి వచ్చి అచ్చు తీసుకెళ్ళాడు.

ఆదివారం పది గంటలకి పంపకం. నన్నూ రమ్మన్నారు. ఎనిమిదింటికే తయారై కూర్చున్నాను. పావుగంట ఖాళీ దొరికితే నాకు చేతులూరుకోవు. కత్తుల గుడ్డ విప్పాను.

సన్నమొన కత్తికి మొన లేదు.

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. బియ్యపుగింజలో సగమంత ముక్క, తెగ్గోసినట్టు విరిగిపోయి ఉంది. గుడ్డ దులిపాను. బల్ల కింద, చాప కింద, చెక్కపొట్టు పోసిన గోనెసంచిలో వెతికాను. స్పీకరులోంచి పీకిన అయస్కాంతం ఉంటే దాన్ని నేలంతా తిప్పాను. నాలుగు గుండుసూదులు, ఒక మేకు తగిలాయి. వెతుకుతున్నంతసేపూ నాకు తెలుసు అది అక్కడ లేదని. బుధవారం సాయంత్రం టక్‌మన్న చప్పుడే చెవిలో మోగుతోంది. మొన ఆ గుంటలో ఉండిపోయింది, దాని మీద నేనే మైనం పూడ్చాను, ఆ మైనం మీద వదినగారు మరిగే పాకం పోశారు.

వదినగారికి ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. కూతురికి చేశాను, ఎత్తలేదు. అల్లుడిది స్విచ్చాఫ్. ఫంక్షనింట్లో ఫోను ఎవరికి వినబడుతుంది? చెప్పులు కూడా వేసుకోకుండా బాబాయిగారింటికి పరిగెత్తాను. ఆయన కాఫీ తాగుతున్నారు. కత్తి చూపించి జరిగింది చెప్పాను.

"మైనం పెట్టావా? పాకం పోసే అచ్చులోనా?" అన్నారు. తర్వాత విరిగిన చోటు వేలితో తడిమి, నా మొహంలోకి చూశారు. "దీనికి రంగు చూపించలేదు. చూపించాడన్నావు కదా?"

"అబద్ధం చెప్పానండీ."

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. "ముందు వెళ్ళు. తిట్లు తర్వాత తిడతాను."

స్కూటీ ఎక్కాను. ఊరు దాటేదాకా చర్చి విడిచిన జనం, తెల్లచీరలు, చంకల్లో బైబిళ్ళు, పిల్లలూ ముసలివాళ్ళూ రోడ్డు నిండా. హారను మీంచి వేలు తియ్యలేదు. "ఏంటమ్మా ఆ తొందర?" అని ఎవరో అరిచారు. ఆ తరవాత కంకర లారీల వెనక దుమ్ములో పడ్డాను. ముందుకి పోనివ్వడు, పక్కకి తప్పుకోడు. నాకు తెలిసిన బూతులన్నీ ఆ లారీవాడికి వినబడకుండా తిట్టాను. రెండుసార్లు బండి ఆపి మళ్ళీ ఫోను చేశాను. ఎవరూ ఎత్తలేదు. కోరుకొండ కొండ కనిపించాక దణ్ణం పెట్టబోతే చెయ్యి హ్యాండిల్ మీంచి రాలేదు, వేళ్ళు బిగుసుకుపోయాయి. "ఇంకా పంచకూడదు, ఇంకా పంచకూడదు," ఇదే అనుకుంటూ వెళ్ళాను.

వెళ్ళేసరికి పది కావడానికి ఇంకా పది నిమిషాలుంది. వీధికి అడ్డంగా షామియానా వేశారు. దాని కింద పాతికమంది పిల్లలు. ప్రతివాడి చేతిలోనూ చిలక. పిల్లలు ఆగడం లేదని ముందే పంచేశారుట.

మధ్యలో కుర్చీలో ఆ అమ్మాయి పట్టుచీర కట్టుకుని కూర్చుంది. ఒళ్ళో వాడు. మెళ్ళో చిన్న గొలుసు, నుదుట బొట్టు, చేతిలో చిలక. నన్ను చూసి దాని మొహం విచ్చుకుంది. "అత్తా! ఇంత ఆలస్యమా?" అంది. చెప్పులు లేని కాళ్ళతో, దుమ్ముకొట్టుకుపోయిన మొహంతో వాళ్ళ మీదికి పరిగెత్తి, "తినకండి! ఎవరూ తినకండి!" అని గొంతు చించుకుని అరిచి, వాడి చేతిలో చిలకని లాగేశాను. వాడు వదల్లేదు. వేళ్ళు విడదీసి లాక్కున్నాను.

చిలకకి తల లేదు. పిల్లలు ఎప్పుడూ తలే ముందు కొరుకుతారు.

వాడి దవడ పట్టుకుని నోరు తెరిపించి వేలు పెట్టాను. కొరికాడు. ఏడుపు అందుకోలేక ఊపిరి బిగబట్టేశాడు, మొహం నల్లబడింది. తల్లి నా చెయ్యి విదిలించి కొట్టింది. "ఏంటిది? పిచ్చిపట్టిందా నీకు?" అంది.

"నా కత్తి మొన విరిగి అచ్చులో ఉండిపోయింది. చిలకల్లో పడి ఉంటుంది," అన్నాను. ఆ మాట అందరికీ వినబడేలా మళ్ళీ చెప్పాను. తల్లులందరూ ఒక్కసారి లేచారు. ప్రతి పిల్లాడి నోట్లోనూ వేళ్ళు పెట్టి ఉమ్మించడం, చేతుల్లోవి లాక్కోవడం. వీధి వీధంతా ఏడుపులు. కొరికినవీ, కొరకనివీ అన్నీ ఒక గంగాళంలో పడేశారు. కరిగితే మొన దొరుకుతుందని ఎవరో వేడినీళ్ళు తెచ్చి పోశారు. వదినగారు అచ్చు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఒక కన్ను మిరియపు గింజంత ఉంది. రెండో కన్ను ఖాళీ, అడుగుదాకా ఖాళీ.

"మొదటి చిలక మైనం వాసనేసింది వదినా," అన్నారు వదినగారు మెల్లగా. "కొత్త చెక్క కదా అనుకున్నాను. దాన్ని దేవుడి దగ్గర పెట్టాను." ఆవిడ ఆగి, కూతురి ఒళ్ళోకి చూశారు. "పొద్దున్న వాడికి ఇచ్చింది అదే."

రాజమండ్రికి కారులో నేనూ ఎక్కాను. ఎక్కొద్దని ఎవరూ అనలేదు, ఎక్కమనీ అనలేదు. దారంతా వాడు తల్లి భుజం మీద వెక్కుతూనే ఉన్నాడు. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. డాక్టరుగారు దాన్ని వెలుగులో పెట్టి వేలు చూపించారు. పక్కటెముకల కింద, పొట్టలో, తెల్లగా చిన్న గీత. పొద్దున్నుంచి వెతుకుతున్న మొన అక్కడుంది. నేను చెప్పులు లేని కాళ్ళతో షామియానాలోకి దూకేసరికే అది వాడి కడుపులోకి వెళ్ళిపోయింది.

"చాలాసార్లు దానంతటదే బయటికొచ్చేస్తుంది. కడుపునొప్పన్నా, వాంతులన్నా, రక్తం కనబడినా వెంటనే తీసుకురండి. రోజూ ఫిల్ము తీద్దాం," అన్నారు డాక్టరుగారు. "రాకపోతే?" అని తల్లి అడిగింది. "రాకపోతే అప్పుడు చూద్దామమ్మా," అన్నారాయన.

వరండాలోకి వచ్చాక ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. నా ఒళ్ళో పెరిగిన పిల్ల, పుట్టి బుద్ధెరిగాక నన్ను నువ్వు తప్ప మీరనలేదు. "మీరు వెళ్ళండి," అంది. వెళ్ళాను.

ఆ మూడు రోజులు ఎలా గడిచాయో చెప్పమంటే చెప్పలేను. ఆఫీసులో ఫైలు తెరిస్తే అక్షరాలు కనిపించేవి కావు, తెల్లగీతే కనిపించేది. ఫోను మోగితే గుండె ఆగేది, మోగకపోతే ఆడేది కాదు. వదినగారికి నేను చెయ్యలేను, ఏ మొహంతో చెయ్యను? సాయంత్రాలు బాబాయిగారి అరుగు మీద కూర్చునేదాన్ని. తిడతానన్న మనిషి తిట్టలేదు. "నేనూ వేలు పెట్టి చూడొచ్చు. చూస్తే తెలిసేది. నీ మాట మీద చూడ్డం మానేశాను," అన్నారు. ఆయన నాలుగు తిట్టి ఉంటే నేను నయంగా ఉండేదాన్ని. ఆ కత్తిని పట్టుకెళ్ళి కమ్మరాయనకి ఇచ్చేసి మేకులు చేసుకోమన్నాను. విరిగిన చోటు చూసి అతను దాన్ని కొలిమిలో పడేశాడు.

బుధవారం పొద్దున్న వదినగారు ఫోను చేశారు. "వచ్చేసింది వదినా. పిల్లాడు బానే ఉన్నాడు. ఫిల్ములో ఏం లేదన్నారు," అన్నారు. నేను వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. ఏడుస్తున్నాననుకుంటా. ఆవిడ ఫోను పెట్టెయ్యలేదు. "వదినా," అన్నారు.

"చెప్పండి."

"వాడు మాట్లాడ్డం లేదు. ఆదివారం నుంచి ఒక్క మాట లేదు. కాకిని చూపిస్తే చూస్తాడు. మళ్ళీ అంతే."

ఇంతకన్నా ఆవిడ నన్ను ఏమీ అనలేదు. మొన ఎలాగూ అప్పటికే కడుపులో ఉంది. నేను అరిచి, లాక్కుని, నోట్లో వేలు పెట్టి తీసింది మొనని కాదు. మూడేళ్ళకి వచ్చిన మాటల్ని తీశాను. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేకపోయింది. బెదురు తగ్గాక వస్తాయన్నారుట డాక్టరుగారు. ఎప్పుడు తగ్గుతుందో ఆయన మాత్రం ఏం చెప్తారు? వదినగారు వారానికోసారి ఫోను చేసేవారు. నేను అడగను, ఆవిడ చెప్పరు. ఎండల సంగతీ, మామిడికాయల సంగతీ మాట్లాడుకుని పెట్టేసేవాళ్ళం. మిగిలిన రెండు కత్తులూ ముట్టుకోలేదు.

ఆరో వారంలో ఒక మధ్యాహ్నం మా ఇంటి ముందు ఆటో ఆగింది. వదినగారు దిగారు. వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకొచ్చారుట, తిరిగి వెళ్తూ నన్ను చూసిపోదామని ఆవిడే పట్టుబట్టారుట. వెనకే కూతురు దిగింది, నన్ను చూడకుండా. దాని చెయ్యి పట్టుకుని వాడు. ఇంకో చేతిలో సగం తిన్న బిస్కట్టు.

"రండి," అన్నాను. గుమ్మం దిగబోయాను.

వాడు తలెత్తి నన్ను చూశాడు. గుర్తుపట్టాడు. రెండడుగులు వెనక్కి వేసి తల్లి చీర చాటుకి వెళ్ళాడు. బిస్కట్టు ఉన్న చెయ్యి వీపు వెనక్కి పెట్టుకున్నాడు. నా చేతుల వైపే చూస్తూ, గట్టిగా, అక్షరం అక్షరం స్పష్టంగా అన్నాడు.

"ఇవ్వను."

ఆ అమ్మాయి మా మెట్ల మీద అలాగే కూలబడిపోయింది. "ఏంటి నాన్నా? ఏమన్నావ్? మళ్ళీ అను," అంటోంది. వదినగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు.

"ఇవ్వను," అన్నాడు వాడు మళ్ళీ. కళ్ళు నా చేతుల మీంచి తియ్యలేదు.

నేను దిగబోయిన కాలు వెనక్కి తీసుకున్నాను. రెండు చేతులూ నా వీపు వెనక్కి పెట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఇవ్వకు నాన్నా," అన్నాను. "నాకు ఇవ్వకు."